అతకని అప్పడం

నా చిన్నప్పుడు మా ఇంట్లో చెమ్మ అనే మాట ఎవరూ పలకకూడదు. అది మా తాతగారు పెట్టిన నియమం. గోదావరి పాయల నడుమ, ఒకవైపు కాలువా మరోవైపు కొబ్బరితోటల నీటి బోదెలూ ఉన్న ఊళ్ళో చెమ్మ లేని గోడ ఉంటుందా అని ఎవరైనా అడగవచ్చు. ఉండదు. మా వీధిలో ప్రతి ఇంటి గోడా మోకాలెత్తు దాకా నల్లబడి ఉండేది. వానలు వెళ్ళేసరికి సున్నం పొరలు పొరలుగా లేచి, వేలితో తాకితే పిండిలా రాలేది. ఎవరూ దాన్ని తప్పుగా అనుకునేవారు కాదు. ఏటా మళ్ళీ సున్నం కొట్టుకునేవారు, మళ్ళీ రాలేది, మళ్ళీ కొట్టుకునేవారు. మా తాతగారు ఒక్కరే దాన్ని తప్పుగా అనుకునేవారు.

మాది రాజోలు వైపు, లంకను ఆనుకున్న ఊరు. మా ముత్తాతగారి రోజుల్లో ఊరి పల్లంలో సగం మాదే అనేవారు. నాకు ఊహ తెలిసేనాటికి ఆ పల్లం ఎవరెవరి పేర్ల మీదో ఉంది. మాకు మిగిలింది ఇల్లు, పెరట్లో కొన్ని కొబ్బరిచెట్లు, ముత్తాతగారి ఫోటో ఒకటి, ఆపైన మా తాతగారి వెన్ను. ఆ వెన్ను ఎన్నడూ వంగలేదు. కుర్చీలో కూర్చున్నా ఆయన వెనక్కి ఆనుకునేవారు కాదు. మా అమ్మానాన్న నాకు గుర్తు లేనంత చిన్నతనంలోనే పోయారు. నాకు అన్నం పెట్టి జడ వేసింది మా మేనత్త. నన్ను నిలబెట్టి నడిపించింది మా తాతగారు. ఈ ఇంటికి మిగిలింది నువ్వే, ఎవరినీ ఏదీ అడగకు, భయమేస్తోందని ఎవరితోనూ అనకు అని చెప్పేవారు. తొమ్మిదేళ్ళకే నేను ఆ రెండూ నేర్చుకున్నాను. దెబ్బ తగిలినా నాకేమీ అనిపించనట్టు నిలబడడం ఎంత బాగా వచ్చిందంటే, కొన్నాళ్ళకి నిజంగానే ఏమీ అనిపించడం మానేసింది.

మా మామ్మకి పక్షవాతం వచ్చి పడమటి గదిలో మంచం పట్టింది. కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయాయి. ఎవరైనా పట్టుకుని కదిపితే తప్ప పక్కకి కూడా తిరగలేదు. నోరు మాత్రం పోలేదు. మాట కొంచెం ముద్దగా వచ్చేది గానీ, అందులో వేళాకోళం అలాగే ఉండేది. ఆవిడని చూడడానికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి బంధువులు వచ్చేవారు. వాళ్ళు పెచ్చులూడిన గోడ చూసి వెళ్ళడం మా తాతగారికి ఇష్టం లేదు. అమలాపురం నుంచి ఒక మేస్త్రిని పిలిపించి, ఆ ఒక్క గదికీ పాత సున్నం మీద సిమెంటు పూత వేయించారు. దాని మీద నీలిరంగు ఆయిల్ పెయింట్ వేయించారు. మా ఊళ్ళో అలాంటి గోడ అదే మొదటిది. అద్దంలా మెరిసేది. ముత్తాతగారి ఫోటోని మామ్మకి పడుకున్నా కనిపించేలా కిందకి, మంచానికి కాస్త పైన మేకు కొట్టి తగిలించారు.

మా పక్కింటి పిన్నిగారు చూడడానికి వచ్చి గోడ మీద అరచెయ్యి రాసి, "మీ గోడలకి చెమటే పట్టదటగా పెదనాన్నగారూ! కాస్త మా గోడలక్కూడా నేర్పించండి" అని నవ్వింది.

మా తాతగారు నవ్వలేదు. "పట్టదు" అన్నారు.

నిజానికి ఆ గది ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. కిటికీలో పెట్టిన అగ్గిపెట్టె రెండు రోజులకే పనికిరాకుండా పోయేది. పుల్ల గీస్తే మందు ముద్దలా ఊడి పెట్టె అంచుకి అంటుకునేది. తలుపు తెరవగానే తడిసిన గోనెసంచి వాసన వచ్చేది. గోడ మాత్రం మెరుస్తూ ఉండేది. మామ్మ దుప్పటి పొద్దున్న మడత పెడుతుంటే గోడవైపు అంచు చల్లగా, బరువుగా తగిలేది. మేనత్త దాన్ని ఎండలో వేసేది, ఏమీ అనేది కాదు. మామ్మ ఊరుకునేది కాదు. "ఈ గోడ నా వీపు మీద ఊపిరి వదుల్తోందే. మీ తాతకన్నా చల్లగా ఉంది" అనేది. మా తాతగారు వింటే, మంచం పట్టినవాళ్ళు ఏదో ఒకటి అంటారు అనేవారు.

ఏటా రోహిణి కార్తెలో, తొలకరి పడకముందే, ఇంటి పైకప్పు పెంకు సర్దించడం మా వైపు ఆనవాయితీ. మా ఇంటికి తాతలనాటినుంచి ఒకే కుటుంబం వచ్చేది. ఆ ఏడు పెంకు అందించే మనుషులిద్దరిని వెంటబెట్టుకుని వచ్చిన తాపీ మేస్త్రికి యాభై ఏళ్ళుంటాయి. బక్కపల్చని మనిషి. మెట్లు దిగినట్టు నిచ్చెన దిగేవాడు. పెంకు సర్దుతూ పడమటి గది మీదికి వచ్చినప్పుడు, పైన మనుషుల అలికిడి విని మామ్మ కేకేసింది. "ఒరే మేస్త్రీ, పై పని తర్వాత చేద్దువుగాని, కిందకొచ్చి ఈ గోడ సంగతి చూడరా."

అతను గుమ్మం దగ్గర కాళ్ళు దులుపుకుని లోపలికి వచ్చాడు. గోడని కళ్ళతో చూడలేదు. కుడిచెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ళ వెనకభాగం నేల దగ్గరనుంచి పైకి మెల్లగా ఆనించుకుంటూ వెళ్ళాడు, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. అరచెయ్యి ఎందుకు పెట్టలేదని అడగాలనిపించింది గానీ, అడగకూడదు కాబట్టి అడగలేదు. అతనే చెప్పాడు.

"అరచెయ్యి పన్జేసి పన్జేసి మొద్దుబారిపోయిందండి అమ్మాయిగారండీ. దీనికింక చల్లన తెలీదు, వెచ్చన తెలీదు. వెనక తోలు ఇంకా బతికే ఉందండి."

తర్వాత తాపీ పిడితో గోడని తట్టాడు. పైన గట్టిగా పలికింది. ఫోటో కిందకి వచ్చేసరికి డొల్లగా పలికింది. మామ్మ అతని మొహమే చూస్తోంది. అతను తాపీ నడుముకి దోపుకున్నాడు. వెళ్ళి అరుగు మీద కూర్చున్న మా తాతగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబుగారండీ, పడమటి గోడ లోపల తడిగా ఉందండి. పైకి నిగనిగలాడతానే ఉందండి. పాత గోడలు నేల్లో తడి పీల్చుకుని సున్నంలోంచి బయటికి వదిలేస్తాయండి. సిమెంటూ రంగూ ఏసి దాని నోరు మూసేసేరు కదండీ. బయటికి పోయే దారి లేక పైకెక్కుతోందండి."

"నువ్వు పెంకు సర్దడానికి వచ్చేవా, నా ఇంటికి వంకలు పెట్టడానికి వచ్చేవా?"

"పెంకుకేనండి."

"పట్నం మేస్త్రి పని చూసి కడుపుమంటా?"

"కొంచెం ఉందండి" అన్నాడు అతను, దాచుకోకుండా. "అది ఏరే సంగతండి."

మా తాతగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "కోనసీమలో గాల్లోనే నీళ్ళుంటాయి. నువ్వు చెయ్యి పెట్టేవు, చల్లగా తగిలింది. అది గాలి. గోడ కాదు."

"అయ్యుండొచ్చండి. గాలో గోడో తేల్చేసుకుంటే పోలేదా అండి. ఒక అప్పడం ఇప్పించండి."

"అప్పడమా? ఆకలేస్తోందా?"

"తినడానిక్కాదండి. సాక్ష్యానికండి."

మా తాతగారు కళ్ళజోడు తీసి పేపరు మీద పెట్టారు. తర్వాత షరతు చెప్పారు. అరుగు మీద ఆ సమయంలో పెంకు మనుషులిద్దరూ, మేనత్తా, నేనూ ఉన్నాం. అందరూ వినేలా చెప్పారు. గోడ పొడిగా ఉందని తేలితే మేస్త్రి ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు, మా ఇంట్లోనే కాదు, ఊళ్ళో ఎక్కడా. తడిగా ఉందని తేలితే, ఆ నీలి గోడ మొత్తం ఊరి ముందే అతని చేత్తో చెక్కించేస్తారు. మేస్త్రి ఆయ్ అన్నాడు.

మేనత్త ఎండలో గలగలలాడేలా ఎండబెట్టిన మినప అప్పడం ఒకటి తెచ్చి ఇచ్చింది. అతను దాన్ని మధ్యకి విరిచాడు. రెండు కొబ్బరి చిప్పలు తీసుకుని, ఒక్కో దాంట్లో ఒక్కో సగం పెట్టాడు. ఒక చిప్పని గోడకి బోర్లించాలి, రెండోదాన్ని అదే గదిలో టేకు తలుపుకి బోర్లించాలి. గాలే తడిదైతే రెండు ముక్కలూ ఒక్కలాగే మెత్తబడతాయి. గోడ తడిదైతే గోడ ముక్కే మెత్తబడుతుంది. చిప్ప అంచుకి బంకమట్టి పెడతాడనుకున్నాను. మట్టిలో తడి ఉంటుంది కదా, అది దొంగ సాక్ష్యమైపోతుంది అని మైనం పెట్టాడు. నాకు ఆ వివరం చాలా నచ్చింది. తర్వాత చాలా ఏళ్ళకి పిల్లలకి సైన్సు పాఠం చెప్పేటప్పుడు, పరీక్ష పెట్టేవాడి చెయ్యి పరీక్షలో కలవకూడదని చెప్పడానికి నాకు ఇదే గుర్తొచ్చేది.

రంగు మీద పెడితే లోపలి తడి బయటికి రాదని, అరచెయ్యంత మేర రంగూ పూతా గీకాలన్నాడు. మా తాతగారు ఫోటో వెనక అయితే గీకమన్నారు, ఎవరికీ కనిపించదు కాబట్టి. ఫోటో దించి నా చేతికిచ్చారు.

దాని వెనక అట్ట నా వేళ్ళకి మెత్తగా తగిలింది. తిప్పి చూశాను. పాత ఆవకాయ మీద పట్టే బూజులాంటిది తెల్లగా పట్టి ఉంది. మా ముత్తాతగారి వీపంతా బూజు. నేను ఫోటోని గుండెకి ఆనించుకుని, ఆ వైపు ఎవరికీ కనిపించకుండా నిలబడ్డాను. నా పరికిణీకి తెల్లగా అంటుకుంది. మా తాతగారు చూడలేదు. రెండు చిప్పలూ మైనంతో అతికి, జారకుండా వెదురుబద్దలు దన్ను పెట్టి, రేప్పొద్దున్న పనిలోకి వచ్చి చూస్తానని మేస్త్రి వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారాక మా తాతగారు కాలవకి స్నానానికి వెళ్ళారు. మేనత్త వంటింట్లో ఉంది. నేను పడమటి గదిలోకి వెళ్ళాను. మామ్మ కళ్ళు మూసుకుని ఉంది. వెదురుబద్ద తీసి గోడ మీది చిప్పని లాగాను. అప్పడం తడిగుడ్డలా నా వేలి మీద వాలిపోయింది. తలుపు దగ్గరికి వెళ్ళి రెండో చిప్ప కొంచెం ఎత్తి చూశాను. అది గట్టిగానే ఉంది. అంతే. తేలిపోయింది.

ఇంకో గంటలో మా తాతగారు అరుగు మీద అందరి ముందూ ఓడిపోతారు. పిన్నిగారు పరిగెత్తుకుంటూ వస్తుంది. నీలి గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడి పడుతుంటే వీధివీధంతా నిలబడి చూస్తుంది. నాకు అదొక్కటే కనిపించింది. గోడ పక్కనే ఉన్న మంచం కనిపించలేదు. నేను అప్పుడు తప్పు చేస్తున్నాననుకోలేదు. ఇల్లు కాపాడుతున్నాననుకున్నాను.

వంటింటి అటక మీది డబ్బాలోంచి ఇంకో అప్పడం తెచ్చి సగానికి విరిచి చిప్పలో పెట్టాను. మైనాన్ని బొటనవేలితో నొక్కి మళ్ళీ అతికాను. బద్ద దన్ను పెట్టాను. మెత్తబడిన ముక్క చేతిలో మిగిలింది. ఎక్కడ పడేసినా ఎవరో ఒకరు చూస్తారు. నోట్లో పెట్టుకుని నమిలి మింగేశాను. పచ్చిపిండి రుచి, దాని వెనక సున్నం రుచి.

"ఎవరి కోసమే?" అంది మామ్మ.

తిరిగి చూశాను. కళ్ళు తెరిచే ఉంది. ఎప్పటినుంచి తెరిచి ఉందో తెలియదు. నేను పెదవులకి అంటిన పిండి తుడుచుకున్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు, ఎవరితోనూ చెప్పలేదు. మొహం గోడవైపు ఉండిపోయింది. దాన్ని ఇటు తిప్పుకునే శక్తి ఆవిడకి లేదు.

మేస్త్రి వచ్చాడు. మా తాతగారు ఉతికిన పంచె కట్టుకుని గదిలోకి వచ్చి నిలబడ్డారు. మేస్త్రి రెండు చిప్పలూ తీసి, రెండు ముక్కలూ ఆయనకి చూపించాడు. మా తాతగారు గోడ ముక్కని తీసుకుని ఒక మూల విరిచారు. టప్పున విరిగింది.

"విన్నావా మేస్త్రీ?"

"ఆయ్. విన్నానండి."

"గాలి."

"గాలేనండి."

మా తాతగారు ఫోటో మళ్ళీ మేకుకి తగిలించి, వెనక్కి చూడకుండా అరుగు మీదికి వెళ్ళిపోయారు. అప్పుడు మేస్త్రి ఆ రెండు సగాలనీ అరచేతిలో పెట్టుకుని, విరిగిన అంచులు ఒకదానికొకటి ఆనించాడు. తలుపు ముక్క అంచు ఒంపు తిరిగి ఉంది. గోడ ముక్క అంచు దాదాపు తిన్నగా ఉంది. నిన్న అతను ఒకే అప్పడాన్ని విరిచి రెండు చోట్లా ఎందుకు పెట్టాడో నాకు అప్పుడు అర్థమైంది. అతను తలెత్తి నావైపు చూశాడు. నేను చూపు దించలేదు. దించకూడదని నాకు నేర్పారు.

కాసేపటికి నూతి దగ్గర చేదతో నీళ్ళు తోడుతుంటే వచ్చి మంచినీళ్ళు అడిగాడు. పోశాను. దోసిలితో తాగి, మొహం కడుక్కుని, పైపంచె మడతలోంచి ఆ రెండు ముక్కలూ తీసి నూతి గట్టు మీద పెట్టాడు.

"ఇయ్యి అతికించి చూపించండి అమ్మాయిగారండీ."

నేను ముట్టుకోలేదు. "అతకవు" అన్నాను.

"మరేనండి. అతకవండి."

"మా ఇంట్లో చెమ్మ లేదు."

"ఆయ్, లేదండి. బాబుగారు గెలిచేరు. నేనింక నోరెత్తనండి, మాటంటే మాటే." అతను గట్టు మీద చతికిలపడి, చిన్నపిల్లతో మాట్లాడినట్టు కాకుండా, మా తాతగారితో మాట్లాడినట్టే నాతో మాట్లాడాడు. "కానండీ, గోడ మన పందెంలో లేదండి. దానికి గెలవడం, ఓడడం తెలీదు. అది మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడండి. లోపల ఇటుకే మట్టయిపోతోంది. పైన సిమెంటు పెంకు నిలబెట్టి ఉంచింది. నాలుగు రోజులు విడవకుండా వాన పట్టిందంటే కూర్చుండిపోద్దండి. బాబుగారు లేచి పరిగెత్తగలరు. మీరు పరిగెత్తగలరు."

అక్కడితో ఆపేశాడు. మూడో మనిషి పేరు చెప్పలేదు.

"నువ్వే తాతగారితో చెప్పు" అన్నాను.

"నేనేం జెప్పినా గోడ మీద మాటేనండి. గోడ మీద మాట ఆయన ఇంక వినరు. గోడ ఊసెత్తకుండా మంచం కదిపే మాట ఏదన్నా ఉందేమో, మీరు సూడండి. ఈ ఇంట్లో మీ మాట ఒక్కటే ఆయనకి లోకువ కాదు."

అప్పడం ముక్కలు అక్కడే వదిలి నిచ్చెన ఎక్కాడు. కాకి వచ్చి ఒక ముక్క ఎత్తుకుపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. అతను నన్ను తిట్టలేదు, పట్టివ్వలేదు, పొగడలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. తిట్లకి ఎలా నిలబడాలో నాకు తెలుసు.

మంచం కదిపే మాట ఒకటి ఉంది. అది ఏదో నాకు వెంటనే తెలిసింది. చెమ్మ తర్వాత ఆ ఇంట్లో అనకూడనిది అదొక్కటే కాబట్టి.

మధ్యాహ్నం మా తాతగారికి మేనత్త పప్పుచారు పోస్తోంది. నేను ఆయన ఎదురుగా పీట మీద కూర్చున్నాను. "తాతగారూ, నాకు ఒక్కదాన్నీ పడుకుంటే భయమేస్తోంది. మామ్మని నా గదిలో పడుకోబెట్టండి" అన్నాను.

ఆయన చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. "ఏమన్నావ్?"

మళ్ళీ అన్నాను. అదే మాట, అదే గొంతుతో. రెండోసారి అనడం మొదటిసారికన్నా కష్టంగా ఉంటుందని అప్పుడు తెలిసింది. ఏడుపు తెచ్చుకుని ఉంటే ఇంకా నమ్మకంగా ఉండేది. నాకు రాలేదు.

ఆయన నన్ను చూశారు. కోపం ఉంటే బాగుండేది. అంగట్లో వస్తువు తిరగేసి, లోపల సొట్ట కనిపించి మళ్ళీ అక్కడే పెట్టేసినప్పటి చూపు అది. "ఈ ఇంట్లో పుట్టినదానివేనా నువ్వు?" అన్నారు. మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయారు.

ఆ సాయంత్రమే మేస్త్రీ, పెంకు మనుషులిద్దరూ మామ్మని మంచంతో సహా ఎత్తి తూర్పువైపు నా గదిలోకి మార్చారు. "నాలుగో మనిషుంటే పాడె అనుకునేవారర్రా" అంది మామ్మ, గుమ్మం దాటుతుంటే. పెంకు మనుషులు నవ్వారు. మేస్త్రి నావైపు చూడనే లేదు. మంచం దించాక మామ్మ ఎడమచెయ్యి చాపి నా మోచేతి పైన గట్టిగా గిల్లింది. నొప్పి పుట్టింది. అదేదో మెచ్చుకోలని నాకు తెలిసింది.

ఆషాఢంలో వాన పట్టింది. మూడు రోజులు విడవలేదు. బోదెలు నిండి పెరట్లోకి వచ్చాయి. నాలుగోరోజు పొద్దున్న, అందరం మెలకువగా ఉండగానే, పడమటి గది కూలింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. బండి మీదినుంచి తడిసిన బస్తాలు దించినట్టు, ఒకదాని వెనక ఒకటి, మెత్తటి చప్పుళ్ళు. వెళ్ళి చూస్తే గోడ నడుముదాకా కూర్చుండిపోయి, మిగతాది గదిలోకి వాలి ఉంది. సిమెంటు పూత పలకలు పలకలుగా పడి ఉంది. నీలిరంగు అప్పుడూ మెరుస్తూనే ఉంది. దాని వెనక ఇటుక లేదు. బురద ఉంది. మంచం ఉండే చోట ఆ కుప్ప నా ఛాతీ ఎత్తు ఉంది.

మా తాతగారు గుమ్మంలో నిలబడ్డారు. వెన్ను నిటారుగానే ఉంది. మంచం ఉండే చోటునే చూశారు. తర్వాత తల తిప్పి నన్ను చూశారు. ఏదో అడుగుతారనుకున్నాను. అడగలేదు.

ఊరు వచ్చింది. పిన్నిగారు తలమీద గోనెసంచి కప్పుకుని పరిగెత్తుకొచ్చింది. ఈసారి వేళాకోళం చెయ్యలేదు. "పెద్దమ్మగారో!" అని ఏడవబోయి, మామ్మ తూర్పు గదిలోంచి "నేనింకా ఉన్నానే, కాఫీ పెట్టుకురా" అంటే చతికిలపడిపోయింది. మేస్త్రి కూడా వచ్చాడు. వాసాలు కూలకుండా సరుగుడు గుంజలు ఆనిస్తున్నాడు. మంచం ఎప్పుడు మార్చారు, ఎలా తెలిసింది అని అందరూ అడగడం మొదలుపెట్టారు.

"తెలియడానికేముంది?" అన్నారు మా తాతగారు. "అదృష్టం. పిల్ల పిరికిది కాబట్టి సరిపోయింది."

మేస్త్రి చేతిలో గుంజ ఆగిపోయింది. నోరు తెరిచాడు. మాటిచ్చినా సరే, ఆ రోజు అతను చెప్పేసేవాడే. నేను అతని కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపాను. అతను నోరు మూసుకుని, గుంజ కిందికి చెక్కముక్క పెట్టి సుత్తితో కొట్టాడు. అప్పుడు నాకు ఏమనిపించిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. వాన పడుతోంది. నేను నిటారుగా నిలబడి ఉన్నాను. అందరూ నన్ను పిరికిదాన్ని చూసినట్టు చూస్తున్నారు.

మామ్మ ఆ తర్వాత మూడేళ్ళు నా పక్కనే పడుకుంది. చివరిదాకా వేళాకోళం ఆడింది. ఆ పొద్దున్న అడిగిన ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు. మా తాతగారు ఆవిడ తర్వాత పోయారు. పోయేముందు చూడవచ్చినవాళ్ళకి నన్ను చూపించి, "మంచిదే. కాస్త పిరికిది" అనేవారు. నేను దిద్దలేదు. దిద్దాలంటే ఆయన గెలిచిన పందెం వెనక్కి తీసుకోవాలి. ఇల్లు తర్వాత మా చేతిలో నిలవలేదు. ఆయన నాకు రాసిచ్చినవాటిలో ఇప్పటికీ నా దగ్గర మిగిలింది ఆ ఒక్క మాటే.

నేను ముప్ఫై ఏళ్ళు సైన్సు టీచరుగా పనిచేశాను. ఇప్పుడు అమలాపురంలో ఒక అపార్ట్‌మెంటులో రెండో అంతస్తులో ఒక్కదాన్నీ ఉంటున్నాను. పోయిన వానాకాలం మొదటి అంతస్తులోకి కొత్త జంట వచ్చింది, ఆర్నెల్ల పాపతో. గోడలకి పూల వాల్‌పేపర్ అంటించుకున్నారు, చాలా బాగుంది. వాళ్ళ కింద ఫ్లాటువాళ్ళు పైనుంచి తడి దిగుతోందని ఒక కుర్రాడిని పిలిపించారు. రెండు సూదులున్న చిన్న మిషను గోడకి ఆనిస్తే అది కూస్తుందట, తడి ఎంతుందో అంకె చూపిస్తుందట. పాప తండ్రి అతన్ని గుమ్మంలోనే ఆపేశాడు. "కొత్త ఫ్లాటండి మాది. మా గోడలకి చెమ్మేంటండీ?" అన్నాడు. ఆ గొంతు నేను ఎరుగుదును.

రెండు రోజుల తర్వాత పాపని చూడడానికి వెళ్ళాను. ఉయ్యాల బాత్‌రూము గోడని ఆనుకుని కట్టి ఉంది. పాప దగ్గుతోంది. వాళ్ళు కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు, నేను కుడిచెయ్యి వెనక్కి తిప్పి వాల్‌పేపర్ పూల మీద ఆనించాను.

కాఫీ తాగి లేస్తూ, "ఆ మూల ఉయ్యాల కట్టకు నాయనా. బాత్‌రూము గోడ పక్కన పసిపిల్లకి దిష్టి తగులుతుంది. నాకెందుకో భయంగా ఉంది" అన్నాను.

"అలాగేనండి మామ్మగారూ" అన్నాడు ఆ అబ్బాయి, చాలా మర్యాదగా. అక్కడికక్కడే ఉయ్యాల కొక్కెం విప్పి కిటికీ వైపు కట్టాడు. నేను గుమ్మం దాటి, తలుపు పూర్తిగా పడకముందే లోపల ఇద్దరూ నవ్వుకోవడం వినిపించింది. "సైన్సు టీచరటండీ ఈవిడ!" అంది ఆ అమ్మాయి.

లిఫ్టు ఉంది. నేను మెట్లెక్కాను, రెయిలింగు పట్టుకోకుండా, వెన్ను నిటారుగా పెట్టుకుని. కుడిచేతి వెనక ఆ గోడ చల్లదనం మా గుమ్మం దాకా వచ్చింది.